ఫాంటసీ బేస్‌బాల్ డ్రాఫ్ట్: ఆటగాళ్ల ఎంపిక చరిత్ర

ఫాంటసీ బేస్‌బాల్ ఆడేవారు సీజన్ మొదలయ్యే ముందు సమావేశమై, అమెరికా మేజర్ లీగ్ ఆటగాళ్లను తమ ఊహా జట్లకు పంచుకుంటారు. ఈ పంపకమే డ్రాఫ్ట్. ఆ తర్వాత ఆరు నెలల పాటు ఆ ఆటగాళ్లు మైదానంలో సాధించే గణాంకాలను బట్టి ఊహా జట్ల గెలుపోటములు తేలుతాయి. ఒక లీగ్‌లో ఒక ఆటగాడు ఒక్క జట్టుకే దక్కుతాడు. ఒకరు తీసుకున్నాక మిగిలినవారికి అతడు లేనట్టే. అందుకే ఇక్కడ ఎవరు గొప్ప ఆటగాడన్నది చిన్న ప్రశ్న. ఎవరిని ఎంత ధరకు, మరెవరిని వదులుకుని తీసుకోవాలన్నదే అసలు ప్రశ్న. డ్రాఫ్ట్ చరిత్ర అంతా దానికి జవాబు వెతికిన చరిత్రే.

పూర్వరంగం

కాగితం, పాచికలతో ఇంట్లో బేస్‌బాల్ ఆడుకునే అలవాటు అమెరికన్లకు పాతదే. 1951లో వచ్చిన ఆప్‌బా, 1960ల మొదట్లో హాల్ రిచ్‌మన్ తెచ్చిన స్ట్రాట్-ఓ-మాటిక్ ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు ఇచ్చేవి. అయితే ఆ కార్డుల మీద ఉండేవి గడిచిన ఏడాది లెక్కలు. రాబోయే సీజన్‌ను ఊహించి జట్టు కట్టే పద్ధతిని 1960లో విలియం గామ్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త హార్వర్డ్‌లో తోటి అధ్యాపకులతో మొదలుపెట్టాడు. దానికి ‘బేస్‌బాల్ సెమినార్’ అని పేరు పెట్టారు. ఆయన మిషిగన్ విశ్వవిద్యాలయానికి మారినప్పుడు ఆట కూడా వెంట వెళ్లింది. అక్కడ చేరినవారిలో రాబర్ట్ స్క్లార్ అనే చరిత్ర అధ్యాపకుడు ఒకరు. ఆయన శిష్యుల్లో డేనియల్ ఓక్రెంట్ అనే కుర్రాడు ఉన్నాడు.

రోటిసరీ లీగ్

ఓక్రెంట్ తర్వాత పుస్తక ప్రచురణలోనూ, పత్రికల్లోనూ పనిచేశాడు. 1979 చివర్లో టెక్సస్ వెళ్తూ విమానంలో కొత్త ఆటకు నిబంధనలు రాసుకున్నాడు. వాటిని మిత్రులకు వివరించిన చోటు న్యూయార్క్‌లోని ‘లా రోటిసరీ ఫ్రాన్సేజ్’ అనే భోజనశాల. ఆ హోటల్ తర్వాత మూతపడినా దాని పేరు మాత్రం ఆటకు స్థిరపడిపోయింది. 1980 వసంతంలో మొదటి వేలం జరిగింది. పాల్గొన్నవారిలో ఎక్కువమంది ప్రచురణ, పత్రికా రంగాలవారే.

ఓక్రెంట్ ప్రతిభ నిబంధనల కూర్పులో ఉంది. అప్పట్లో 12 జట్లున్న నేషనల్ లీగ్‌నే ఆయన తీసుకున్నాడు. జట్టుకు 25 మంది చొప్పున మొత్తం ఆటగాళ్లు 300 మంది. తర్వాత స్థిరపడిన లెక్క ప్రకారం 10 ఊహా జట్లు తలా 23 మందిని కొనుక్కుంటే 230 మంది అయిపోతారు. అంటే తారల పేర్లు తెలిస్తే సరిపోదు, బెంచీ మీద కూర్చునే మూడో క్యాచర్ ఎవరో కూడా తెలియాలి. జట్టుకు ఖర్చు పరిమితి 260 డాలర్లు. మార్కులు ఎనిమిది విభాగాల్లో వస్తాయి. బ్యాటర్లకు బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల జట్టుకు వచ్చిన పరుగులు), స్టోలెన్ బేస్‌లు (దొంగిలించిన బేస్‌లు). పిచర్లకు విజయాలు, సేవ్‌లు (జట్టు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడినవి), ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు), ఇన్నింగ్స్‌కు ఎందరిని హిట్లు, వాక్‌ల ద్వారా బేస్ చేరనిచ్చారన్న నిష్పత్తి. ఈ చివరి లెక్క ఓక్రెంట్ సొంత సృష్టి. విప్ అనే పేరుతో నేడు నిజమైన బేస్‌బాల్ ప్రసారాల్లోనూ అది కనిపిస్తుంది. ఊహా ఆట అసలు ఆటకు ఒక కొలమానాన్ని ఇవ్వడం ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపే విషయం.

ప్రతి విభాగంలోనూ మొదటి జట్టుకు 10, చివరి జట్టుకు 1 చొప్పున మార్కులు. దీనివల్ల అవసరానికి మించి పోగుచేసిన హోమ్ రన్లు వృథా. రెండో జట్టును 5 హోమ్ రన్లతో దాటినా, 50తో దాటినా వచ్చేవి ఆ పది మార్కులే.

1981 మేలో ‘ఇన్‌సైడ్ స్పోర్ట్స్’ పత్రికలో ఓక్రెంట్ ఈ ఆట గురించి రాశాడు. జార్జ్ ఫాస్టర్ 36 డాలర్లకు తగని సంవత్సరం అన్నది వ్యాసం శీర్షిక. 1977లో 52 హోమ్ రన్లు కొట్టిన ఫాస్టర్ గొప్ప ఆటగాడే; కానీ వేలంలో గొప్పవాడికీ మించిన ధర ఉంటుందన్నది అందులోని కీలకం. ఆ జూన్‌లో ఆటగాళ్ల సమ్మె మొదలై మ్యాచ్‌లు ఆగిపోయాయి. రాయడానికి ఆటలేని క్రీడా విలేకరులు ఈ కొత్త సరదా మీద పడ్డారు. కొందరు సొంత లీగ్‌లు పెట్టుకున్నారు. 1984లో నిబంధనల పుస్తకం అచ్చయింది.

వేలం బల్ల దగ్గర

వేలంలో వంతుల వారీగా ఒకరు ఒక ఆటగాడి పేరు చెప్పి పాట మొదలుపెడతారు. పాట పెరిగి పెరిగి, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నాక చివరగా పాడినవారికి ఆటగాడు దక్కుతాడు. చేతిలో 40 డాలర్లు, ఖాళీలు 6 ఉంటే ఒక ఆటగాడి మీద 35కు మించి పాడకూడదు. మిగతా ఐదుగురికి తలా ఒక డాలరైనా మిగలాలి. ఆరితేరినవారు మొదట్లో తమకు అక్కర్లేని తారల పేర్లే బల్ల మీదకు తెస్తారు. ఎదుటివారి సొమ్ము ఖర్చయిపోయాక, అందరూ ఒక్క డాలర్ దగ్గర నిలిచిపోయిన వేళ, చేతిలో మూడు డాలర్లున్నవాడే రాజు.

ధర కట్టే పద్ధతులు

మొదటి ఏళ్లలో ధరలు జ్ఞాపకశక్తినీ, అభిమానాన్నీ బట్టి పలికేవి. 1982లో వచ్చిన ‘యూఎస్ఏ టుడే’ విపులంగా వేసిన గణాంకాలు, అంతకుముందే బిల్ జేమ్స్ ఏటేటా ప్రచురిస్తున్న విశ్లేషణలు చూపు మార్చాయి. రాన్ షాండ్లర్ అనే విశ్లేషకుడు 1986 నుంచి వార్షిక అంచనాల పుస్తకం తెచ్చాడు.

లెక్క సూత్రం ఇది. 12 ఊహా జట్లున్న లీగ్‌లో తలా 260 అంటే మొత్తం సొమ్ము 3,120 డాలర్లు. అమ్ముడయ్యేది 276 మంది. ఆ 276వ ఆటగాడి విలువ ఒక డాలర్. తలా ఒక డాలర్ తీసేస్తే మిగిలే 2,844 డాలర్లను, ఆ చివరివాడి కంటే ఎవరు ఎంత మెరుగో చూసి పంచాలి. ఇక్కడే స్థానం ప్రాధాన్యం తెలుస్తుంది. జట్టుకు ఇద్దరు చొప్పున 24 మంది క్యాచర్లు కావాలి. మేజర్ లీగ్‌లో ఉన్నవే 30 జట్లు కాబట్టి 24వ క్యాచర్ బ్యాటింగ్ చాలా నాసిగా ఉంటుంది. అందుకే 20 హోమ్ రన్లు కొట్టే క్యాచర్, అన్నే కొట్టే అవుట్‌ఫీల్డర్ కంటే ఖరీదు.

1990ల చివర షాండ్లర్ ‘లిమా’ అనే వ్యూహం ప్రకటించాడు. పేరున్న పిచర్ల మీద డబ్బు పోయకుండా, స్ట్రైకవుట్లు ఎక్కువ, వాక్‌లు తక్కువ ఉన్న అనామకులను చవగ్గా ఏరుకుని, మిగిలిన సొమ్ము బ్యాటర్ల మీద పెట్టమన్నాడు. పిచర్లకు గాయాలు ఎక్కువన్న సంగతిని ఇంత ధైర్యంగా డబ్బు లెక్కలోకి తెచ్చినవారు అప్పటికి అరుదు. ఈ దశలోనే నిపుణుల మధ్య పోటీలు వచ్చాయి: 1994లో లాబర్, 1998లో టౌట్ వార్స్. అక్కడ పలికిన ధరలు దేశమంతా ఇళ్లలో జరిగే వేలాలకు కొలబద్ద అయ్యాయి.

స్నేక్ డ్రాఫ్ట్

ఇంటర్నెట్ వచ్చాక, ముఖ్యంగా 1999లో యాహూ ఉచితంగా ఆడనిచ్చాక, వేలం కంటే త్వరగా ముగిసే వంతుల పద్ధతి పైచేయి సాధించింది. వరస ఒక రౌండ్‌లో ముందుకు, మరుసటి రౌండ్‌లో వెనక్కు నడుస్తుంది. 12 జట్లలో మొదటి వంతువాడికి 1, 24, 25 ఎంపికలు వస్తాయి; చివరివాడికి 12, 13, 36. మధ్యలో ఇరవైమందికి పైగా పోతారు కాబట్టి, ఎవరు తన దాకా మిగులుతారో అంచనా వేయడమే నేర్పు. దానికి ఆధారం వేల డ్రాఫ్ట్‌ల నుంచి లెక్కగట్టే సగటు ఎంపిక స్థానం. ఈ సంఖ్య అందరి చేతికీ అందాక రహస్య పరిజ్ఞానపు రోజులు చాలావరకు ముగిశాయి. అయినా ఒకరు క్లోజర్‌ను, అంటే మ్యాచ్ చివర్లో వచ్చి సేవ్‌లు తెచ్చే పిచర్‌ను, తీసుకోగానే మిగిలినవారంతా కంగారుపడి క్లోజర్ల వెంటపడే ధోరణి మారలేదు.

ఆటగాళ్ల పేర్లు, గణాంకాలు వాడుకోవడానికి ఫాంటసీ ఆటల సంస్థలు అనుమతి రుసుము కట్టాలా అన్న వివాదంలో 2007లో అమెరికా ఎనిమిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు అక్కర్లేదని తీర్పునిచ్చింది. 2008లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. 2009లో ఫ్యాన్‌డ్యుయెల్, 2012లో డ్రాఫ్ట్‌కింగ్స్ తెచ్చిన రోజువారీ పోటీల్లో ఒకే ఆటగాణ్ని ఎందరైనా ఎంచుకోవచ్చు. తెలుగువారికి పరిచయమైన డ్రీమ్11లో 2025 దాకా నడిచిన డబ్బు పోటీల్లోనూ అంతే: 100 క్రెడిట్లలో పదకొండు మందిని ఎంచుకోవడమే తప్ప ఒకరి ఎంపిక మరొకరికి అడ్డయ్యేది కాదు. డ్రాఫ్ట్‌కింగ్స్ పేరులో డ్రాఫ్ట్ ఉన్నా, రోజువారీ పోటీలను ఈ సంప్రదాయంలో చేర్చడం సరికాదు. ఆటగాడు ఒక్కరికే దక్కే వేలానికి ఐపీఎల్ వేలమే దగ్గరి పోలిక.

అసలు ఆట మారితే డ్రాఫ్ట్ కూడా మారుతుంది. 2023లో పిచ్ క్లాక్ (బంతి వేయడానికి గడువు), పెద్ద బేస్‌లు, పికాఫ్‌లపై (బేస్ వదిలి ముందుకు జరిగిన రన్నర్‌ను అవుట్ చేయడానికి పిచర్ చేసే ప్రయత్నాలపై) పరిమితి రావడంతో స్టోలెన్ బేస్‌లు అంతకుముందు ఏడాది 2,486 నుంచి 3,503కు పెరిగాయి. రొనాల్డ్ అకున్యా ఒక్కడే 73 సాధించాడు. ఎక్కడపడితే అక్కడ దొరుకుతున్న బేస్‌ల కోసం పరుగు తప్ప బ్యాట్ లేని ఆటగాడికి పెద్ద ధర పెట్టాల్సిన అవసరం తగ్గింది. షోహే ఒహ్తానీ వేరే చిక్కు తెచ్చాడు. పిచింగూ బ్యాటింగూ రెండూ చేసే అతణ్ని ఏ స్థానంలో పెట్టాలో నలభై ఏళ్ల నిబంధనల్లో లేదు. 2018లో యాహూ అతణ్ని పిచర్‌గా ఒకరు, బ్యాటర్‌గా ఒకరు తీసుకునేలా ఇద్దరు ఆటగాళ్లుగా విడదీసింది. ఒక్కడిగానే ఉంచి, ఏ పూట ఏ పాత్రలో ఆడించాలో యజమానికే వదిలిన లీగ్‌లూ ఉన్నాయి.