అవాంఛిత ఈ-మెయిల్ నిరోధం: నిషేధ జాబితా నుండి సంభావ్యత వరకు

1978లో గ్యారీ థుర్క్ అర్పానెట్‌లో సుమారు 400 మందికి పంపిన వ్యాపార ప్రకటనను తొలి స్పామ్‌గా పరిగణిస్తారు. 1997లో పాల్ విక్సీ రూపొందించిన నిషేధ జాబితా స్పామ్‌కు మూలమైన సర్వర్ల చిరునామాలనే అడ్డుకొంది. ఫలితంగా అదే సర్వర్‌ను వాడే నిర్దోషుల ఉత్తరాలూ ఆగిపోయేవి. 2002లో పాల్ గ్రాహమ్ వ్యాసం ప్రాచుర్యంలోకి తెచ్చిన బేయీసియన్ పద్ధతి, వాడుకరికి వచ్చిన ఉత్తరాల్లోని పదాల ఆధారంగానే స్పామ్ సంభావ్యతను లెక్కించింది. 2001లో వెలువడిన స్పామ్‌అసాసిన్ క్రమంగా ఈ రెండు పద్ధతులనూ మార్కుల విధానంలో మేళవించింది. అందులో సాధారణ హద్దు 5 మార్కులు. దానిని నిర్వాహకుడు మార్చుకోవచ్చు. వడపోతను తప్పించుకొన్న స్పామ్‌ను గ్రహీత స్వయంగా తొలగించగలడు. పొరపాటున ఆగిన ఉత్తరం సంగతి అతనికి తెలియకపోవచ్చు. కనుక సాఫ్ట్‌వేర్ ఎంపికలో ఆ హద్దును నిర్ణయించే అధికారం ఎవరిదన్నదే కీలకాంశం.