విచారణలో మౌనం

తెలుగు కథోలికులు పారిష్‌ను ‘విచారణ’ అంటారు. పారిష్ ప్రీస్టు విచారణ గురువు. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట కాబట్టి అందులో వింతేమీ నాకు కనిపించేది కాదు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒకసారి ఫోన్లో ‘ఆదివారం విచారణలో మీటింగుంది, ఊరికి పోవాల’ అంటుంటే పక్క మంచం మీదోడు లేచి కూర్చుని ‘ఏం కేసు మామా?’ అనడిగాడు. ఆ మాటకు బయట వేరే బతుకు ఉందని అప్పుడే తెలిసింది. కోర్టులో జరిగేది విచారణ. రమణ మహర్షి చెప్పింది ఆత్మవిచారణ. మా దగ్గర మాత్రం విచారణ అంటే ఒక గుడి, దాని చుట్టూ పది పదిహేను ఊళ్లు, ఆ ఊళ్లలో ఎవరింట్లో పెళ్లి, ఎవరింట్లో చావు, మూడు వారాలుగా పూజకు రానిది ఎవరు అని కనుక్కునే ఒక గురువు.

ఈ విచారణల చరిత్ర చదవాలన్న బుద్ధి నాకు ఒక అవమానం వల్ల పుట్టింది. ముందు అది చెప్పాలి.

బెంగళూరులో ఉద్యోగం చేస్తుండగా ఒక కొలీగ్ నన్ను శనివారం ధ్యానప్రార్థనకు తీసుకెళ్లాడు. ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోవాలి. ఒక చిన్న మాట ఎంచుకోవాలి. ఆలోచన వచ్చినప్పుడల్లా దానితో పోట్లాడకుండా ఆ మాట దగ్గరికి తిరిగి రావాలి. అంతే. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్పెన్సర్ అనే ఊళ్లో, ట్రాపిస్టు మఠంలో థామస్ కీటింగ్, ఆయన తోటి సన్యాసులు 1970ల్లో ఈ పద్ధతికి ఇప్పటి రూపం ఇచ్చారు. దానికి ఆధారం 14వ శతాబ్దపు ఇంగ్లీషు పుస్తకం ఒకటి, రాసినవాడి పేరు కూడా లేనిది. ఇంకో పాయ జాన్ మెయిన్ అనే బెనెడిక్టైన్ సన్యాసిది. ఆయన మఠంలో చేరకముందు, 1950ల్లో మలయాలో ఉద్యోగం చేస్తూ, సత్యానంద అనే హిందూ స్వామి దగ్గర జపం నేర్చుకున్నాడు. ఆయన జపించమన్న మాట ‘మారనాతా’. దీన్ని మా జిల్లాలో మైకులో అరవగా వినడమే తప్ప, లోపల అనుకోవచ్చని నాకెప్పుడూ తోచలేదు.

ఆ ఊపులో తపస్సుకాలానికి ముందు ఊరికి వెళ్లి, యూత్ మీటింగులో ప్రపోజల్ పెట్టాను. శుక్రవారం సిలువమార్గం అయ్యాక ఇరవై నిమిషాలు మౌనం. మైకు ఉండదు, కీబోర్డు ఉండదు. ప్రింటవుట్లు కూడా తీసుకెళ్లాను. (స్లైడ్లు చేద్దామనుకున్నానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.) వెనక బెంచీలో ఒక రిటైరైన ఉపదేశి కూర్చుని ఉన్నాడు. మేమంతా తాత అంటాం. అంతా విని నిదానంగా అన్నాడు: ‘అప్పా, మా నాయన రెడ్డి ఇంట్లో జీతగాడు. ఆయప్ప ముందర బతుకంతా నోరు మూసుకునే నిలబడె. మేము నోరు తెరిచింది ఈ గుళ్లోనే. ఇప్పుడు నువ్వొచ్చి దీంట్లో గూడా మూసుకోమంటావా?’

ఎవరూ నవ్వలేదు. నా దగ్గర జవాబు లేదు. ప్రింటవుట్లు బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను.

తాత మాటను కాదనడానికే చదవడం మొదలుపెట్టానని దాచను. మౌనప్రార్థన బెంగళూరు నుంచి నేను మోసుకొచ్చిన సరుకు కాదని, ఈ నేల మీద మూడొందల ఏళ్ల నుంచీ ఉందని చూపించాలనుకున్నాను. నిజానికి ఉంది కూడా. కానీ ఎవరి దగ్గర ఉంది అన్నదే అసలు చిక్కు.

1606లో మదురై చేరిన రొబెర్తో ది నొబిలి కాషాయం కట్టి, మాంసం మానేసి, సన్యాసిగా బతకడం మొదలుపెట్టాడు. వంద ఏళ్ల తర్వాత పాండిచ్చేరి నుంచి బయల్దేరిన ఫ్రెంచి జెస్విట్లు అదే పద్ధతిని తెలుగు నేలకు తెచ్చారు. దానికే కర్ణాటక మిషన్ అని పేరు. పుంగనూరు మీదుగా పైకి వచ్చి, ఇప్పటి అనంతపురం వైపు కృష్ణాపురం, మదిగుబ్బ వంటి చోట్ల స్థావరాలు పెట్టుకున్నారు. ఆ గురువులు యూరప్‌కు రాసిన ఉత్తరాలు పారిస్‌లో 1702 నుంచి 1776 దాకా 34 సంపుటాలుగా అచ్చయ్యాయి. మన ఊళ్ల పేర్లు ఫ్రెంచి స్పెల్లింగులో గుర్తుపట్టడం ఒక ఆట. లె గాక్ అనే గురువు రాసినవాటిలో మౌనధ్యానం కోసం వెతికిన నాకు దొరికినవి వేరే: వాన రాని ఏళ్లు, పాలెగాళ్ల తగాదాలు, దాసరులతో గొడవలు. మూడొందల ఏళ్లయినా అనంతపురం నుంచి ఉత్తరం రాస్తే మొదటి వాక్యం వాన గురించే అన్నమాట. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల, అదీ పడాల్సినప్పుడు పడదు.

ఆ గురువులకు మౌనం ఉండేది. వాళ్ల సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా రాసిన ‘ఆధ్యాత్మిక సాధనలు’ పుస్తకానికి పోపు ఆమోదం 1548లో వచ్చింది. ప్రతి జెస్విటూ ముప్పై రోజుల మౌనంలో ఆ సాధనలు చేసి తీరాలి. అందులో మూడో ప్రార్థనా పద్ధతి అని ఒకటుంది. పరలోక జపంలో ఒక్కో ఊపిరికి ఒక్కో మాట. ఒక శ్వాసకూ ఇంకో శ్వాసకూ మధ్య ఆ మాట అర్థం మీద మనసు నిలపాలి. దీన్ని చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. బెంగళూరులో శనివారం చేసినదానికి ఇది పెద్దన్న. ఈ పద్ధతి తెలిసిన మనుషులు మదిగుబ్బలో తాటాకు పాకల్లో కూర్చున్నారు!

అయితే జనానికి వాళ్లు ఇచ్చింది ఇది కాదు. జ్ఞానోపదేశం ఇచ్చారు. కంఠస్తం చేయాల్సిన జపాలు, ప్రశ్న-జవాబు పాఠాలు. చుట్టూ చదవడం రాని జనం, గురువు ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చే ఊళ్లు, అలాంటప్పుడు నోటికి వచ్చిందే మతం అవుతుంది. ఆ నోటికి కాపలా ఉపదేశి. గురువు లేని మిగతా రోజులన్నీ జనాన్ని పోగేసి జపం చెప్పించింది, చావుకు పోయి నిలబడింది, కొత్తవాళ్లకు పాఠం చెప్పింది అతనే. పారిష్ చరిత్రలు బిషప్పుల పేర్లతో రాస్తారు గానీ, విచారణను నిలబెట్టింది ఉపదేశులు. మా తాత ఆ వరసలో వాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకుని పోవాలి. మన కథోలిక తెలుగు ఆ సన్యాసుల కాలపు భాష. దేవుడు సర్వేశ్వరుడు. బాప్తిస్మం జ్ఞానస్నానం. లెంట్ తపస్సుకాలం. ప్రార్థన జపం. ప్రీస్టు గురువు. పక్క వీధిలోని ప్రొటెస్టెంటు వాళ్లకు ఈ మాటలు దాదాపు లేవు. మంగళగిరి ఆనందకవి 18వ శతాబ్దంలో క్రీస్తు కథను ‘వేదాంత రసాయనం’ అన్న పేరుతో ప్రబంధంగా రాయగలిగాడంటే ఆ భాష వల్లే. నిఘంటువు మొత్తం ధ్యానం చేసేవాళ్లది, వాడిన జనం మాత్రం వల్లె వేసేవాళ్లు. ఈ తేడా నన్ను చాలా రోజులు వదల్లేదు.

సన్యాసి వేషానికి ఇంకో ధర ఉంది. సన్యాసి మాలపల్లెకు, మాదిగపల్లెకు పోకూడదు. పోతే పైకులాల వాళ్లు దగ్గరికి రానియ్యరు. 1704లో పోపు ప్రతినిధి తూర్నోన్ పాండిచ్చేరిలో ఈ ఆచారాల మీద నిషేధం పెట్టాడు. జెస్విట్లు నలభై ఏళ్లు లాగారు. 1744లో పోపు బెనెడిక్ట్ 14 తెగేసి చెప్పాడు: చావుబతుకుల్లో ఉన్న పరయవాడి గుడిసెలోకి గురువు వెళ్లి తీరాలి. దానికి వాళ్లు కనుక్కున్న మార్గం, దళితుల కోసం వేరే గురువులను పెట్టడం. అంటే ధ్యానానికి కావలసిన ఏకాంతం, శుచి, దూరం అన్నీ ఒకే గోడ నుంచి వచ్చాయి. ఆ గోడకు అవతల ఉన్నది తాత వాళ్ల ముత్తాతలు. ఇది చదివాక నా వాదన సగం చచ్చిపోయింది.

ఆ రోజుల్లో జ్ఞానస్నానం తీసుకున్న రెడ్డి కుటుంబాలు కొన్ని తర్వాత కరువులకు, యుద్ధాలకు ఈ పీఠభూమి విడిచి గుంటూరు వైపు పోయాయి. ఫిరంగిపురం కథోలికుల పూర్వీకుల కథ అలా ఇక్కడి నుంచి మొదలవుతుంది. 1764లో ఫ్రాన్సులో, 1773లో ప్రపంచమంతటా జెస్విట్ సభ రద్దయింది. మూడేళ్లకు పాండిచ్చేరి మిషన్ పారిస్ విదేశీ మిషన్ల సంఘం చేతికి పోయింది. మా పల్లెలకు గురువుల రాక ఇంకా పలచబడింది.

పల్లెలు మూకుమ్మడిగా క్రైస్తవంలోకి కదిలింది ఇంకో వంద ఏళ్లకు, 1876–78 ధాత కరువు చుట్టూ. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, బళ్లారిలో భాగం. 1882లో వేరు చేశారు. కరువు పనికి పోయిన మగమనిషికి రిచర్డ్ టెంపుల్ తగ్గించిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఒంగోలులో క్లఫ్ దొర కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపి, 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి ఇప్పించాడు. మా వైపు గుత్తిలోనూ అనంతపురంలోనూ లండన్ మిషన్ వాళ్లు పనిచేశారు. ఈ కొత్త క్రైస్తవుల ప్రార్థన పొలం పని అయ్యాక రాత్రి పూట, దీపం వెలుగులో, పాటతో, తాళంతో జరిగేది. పుస్తకం చదవలేనివాడికి పాటే బైబిలు. అది గట్టిగా ఉండటంలో ఆశ్చర్యం ఏముంది? పక్కన ఊరి వీధిలో చెప్పులు చేతబట్టుకుని నడిచేవాడు తన గుళ్లో గొంతెత్తాడు. తాత చెప్పింది ఇదే.

అయితే గట్టి పాటల సంప్రదాయంలోంచే మౌనం పుట్టిన చోటు కూడా ఒకటుంది. లూథరన్ సంఘంలోంచి బయటికి వచ్చి 1938లో బైబిలు మిషను మొదలుపెట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారు ‘సన్నిధి’ అనే పద్ధతి నేర్పారు. దేవుని ముందు అడగడం ఆపి, ఆయన కోసం కనిపెట్టుకుని కూర్చోవడం. కీటింగ్ కంటే ముందు, జాన్ మెయిన్ కంటే ముందు, పక్కా తెలుగులో. బెంగళూరులో మాకు ఈ పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పరు కూడా; మన ధ్యానం అమెరికా వీసా మీద తిరిగొస్తేనే మనకు కనిపిస్తుంది.

అనంతపురం గురించి రాస్తూ ఫెర్రర్ ఫాదర్‌ను తలవకపోతే మా ఊళ్లో నన్ను రానివ్వరు. విన్సెంట్ ఫెర్రర్ 1944లో జెస్విట్ అయ్యాడు, 1952లో ఇండియా వచ్చాడు, 1968లో మహారాష్ట్ర నుంచి పంపించేస్తే మరుసటి ఏడాది అనంతపురం చేరాడు. 1970లో సభ వదిలి పెళ్లి చేసుకున్నాడు. ఆర్డీటీ ఇళ్లు, బళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి అందరికీ తెలుసు. 2009లో పోయాక ఆయన్ను సమాధి చేసింది కూడా ఆ బత్తలపల్లిలోనే. ముప్పై రోజుల మౌనం చేసిన జెస్విట్, మాలమాదిగ పల్లెల్లోకి నడిచిన జెస్విట్, ఇక్కడ ఒకే మనిషయ్యాడు. అప్పటికి ఆయన జెస్విట్‌గా మిగల్లేదు, అది వేరే సంగతి. అనంతపురం విచారణలు 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనం కిందికి వస్తాయి. ఆ మేత్రాసనానికి పన్నెండేళ్లు బిషప్పుగా ఉన్న పూల ఆంథోని 2022లో కార్డినల్ అయ్యారు, దేశంలో మొదటి దళిత కార్డినల్. 1744 నుంచి లెక్కేస్తే 278 ఏళ్లు.

ఇంత చదివాక అసలు విషయం మా ఇంట్లోనే దొరికింది. మా జేజి రోజూ జపమాల అయ్యాక పూసలు ఒళ్లో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంటుంది. నేను దాన్ని కునుకు అనుకునేవాణ్ణి. ఈసారి అడిగాను, ‘ఏం జేస్తాంటావు జేజీ అప్పుడు?’

‘ఏమీ లేదురా. ఊరికే కూచోనుంటా. మా చిన్నప్పుడు పూజంతా అట్లే గదా.’

నిజమే. రెండో వాటికన్ సభ 1962 నుంచి 1965 దాకా జరిగింది. అంతకు ముందు పూజ లాటిన్‌లో ఉండేది. గురువు బలిపీఠం వైపు తిరిగి, ముఖ్యమైన భాగమంతా తనలో తాను గొణిగేవాడు. జనానికి వినపడదు, వినపడినా అర్థం కాదు. గంట మోగినప్పుడు తల వంచాలి, అంతే. ఆ అరగంట ఎవరి జపం వాళ్లది, ఎవరి మౌనం వాళ్లది. సభ తర్వాత పూజ తెలుగైంది. తబలా వచ్చింది, పాటలొచ్చాయి, మైకొచ్చింది. తాత లాంటివాళ్లు బలిపీఠం దగ్గర నిలబడి వాక్యం చదివారు. జేజికి ఒకటి పోయింది, తాతకు ఒకటి వచ్చింది. ఇద్దరిదీ ఒకే పల్లె, ఒకే గుడి, ఇంచుమించు ఒకే వయసు. ఎవరిని కాదనాలి?

ఇదంతా తాతకు చెప్పాను, కార్డినల్ దాకా. 278 లెక్క ఆయనకు బాగా నచ్చింది, రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత ‘మీ జేజి కోసరం పది నిమిషాలు పెట్టుకోండి. పాటల తర్వాతనే. గంట నా చేతిలో ఉండాల’ అన్నాడు.

ఆ తపస్సుకాలం నాలుగు శుక్రవారాలు కూర్చున్నాం. మొదటి వారం పది నిమిషాలూ ఇచ్చాడు. రెండో వారం నాలుగు నిమిషాలకే గంట కొట్టేశాడు. బయటికొచ్చాక ‘ఏం తాతా, తొందరపడితివే’ అంటే, ‘పిల్లోళ్లు ఒక్కపొద్దు మీదుండారప్పా, కడుపులు అరుస్తాండాయి, నాకు ఇనపడె’ అన్నాడు. ఈ ఏడాది ఆరు నిమిషాల దగ్గర బేరం నడుస్తోంది.