రెండు నీళ్ళు, రెండు దారులు

హైదరాబాదులో నీళ్ళకు రెండు దారులున్నాయి. ఇంట్లో వాడిన నీళ్ళు భూమిలోపలి పైపుల్లో పోవాలి, వాన నీళ్ళు నాలాల్లో పోవాలి. మురుగునీటి పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, ఈ ఊరి నూరేళ్ళ చరిత్ర నాకు ఆ రెండు దారులు విడిపోయి మళ్ళీ కలిసిపోయిన కథగానే కనిపిస్తుంది.

వాన దారి పాతది. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలాన హుస్సేన్ సాగర్ కట్టినప్పటికి చార్మినార్ ఇంకా లేదు. పైనున్న చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు, అక్కణ్ణించి మూసీకి. మనం నాలాలంటున్నవి చాలావరకు అలా పారిన వాగులే. ఇంటి చెత్తకు ఒకప్పుడు వేరే దారి ఉండేది. మా ఊళ్ళో మా నాయన ఏటా మృగశిర కార్తె రాకముందే పెంటకుప్ప తవ్వి, బండ్లకెత్తి చేనుకు తోలేవాడు. బూడిద, పేడ, ఊడ్చిన చెత్త, విస్తరాకులు అన్నీ మట్టిలో కలిసేవే. తొలివానకు కొట్టుకుపోవడానికి కుప్ప అక్కడ ఉండేదే కాదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. కోల్సావాడి లాంటి బస్తీలు తుడిచిపెట్టుకుపోయాయి. దాదాపు 15,000 మంది పోయారంటారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారని చెప్పుకుంటారు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి వరద ఎందుకొచ్చిందో తేల్చారు. మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయనీ, అంటే చదరపు మైలుకు ఇంచుమించు ఒకటనీ, వాటిలో 221 తెగిపోయాయనీ లెక్కగట్టారు. ఆయన సలహా మీద కట్టినవే 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927 నాటి హిమాయత్ సాగర్. ఊరికి భూగర్భ మురుగు కాలువలు కావాలని పట్టుబట్టిందీ ఆయనే. ఇంతలో 1911లో ప్లేగు వచ్చింది. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలను చక్కబెట్టే పని మొదలుపెట్టింది. 1931 నాటి మురుగు పైపుల వ్యవస్థను 54 చదరపు కిలోమీటర్లకు, 4 లక్షల 68 వేల మందికి సరిపోయేలా వేశారు. రెండు దారులు అప్పుడు విడిపడ్డాయి.

తరవాత ఊరు కోటి దాకా పెరిగింది. పైపులు ఆ వేగాన పెరగలేదు. కొత్త కాలనీల మురుగును దగ్గర్లో ఏ నాలా కనబడితే అందులోకి వదిలారు. ఇటువైపు మేడ మీది వాన పైపును మురుగు లైనుకు కలిపారు. గట్టి వాన పడి వీధిలో నీళ్ళు నిలిస్తే గడ్డపారతో మ్యాన్‌హోల్ మూత లేపడం అలవాటైంది. ఆ వీధి ఖాళీ అవుతుంది. ఇంటి మురుగు కోసం వేసిన పైపు వీధి వాననంతా మింగలేక, పల్లపు బస్తీలో ఎవరి బాత్‌రూంలోనో పైకి కక్కుతుంది. ఫోన్ వస్తే మేం పోయేది ఆ ఇంటికే.

ఏటా వానలకు ముందు నాలాల్లో పూడిక తీయించేవాళ్ళం. కొబ్బరి బొండాలు, పరుపులు, థర్మాకోల్, దేవుడి పూలున్న ప్లాస్టిక్ సంచులు, ఇల్లు కడుతూ మిగిల్చిన ఇసుక, అన్నీ బయటపడేవి. వాటిని కనీసం చేత్తో ఎత్తెయ్యొచ్చు. మెకానిక్ షెడ్డు వెనక పారబోసిన ఇంజన్ ఆయిల్‌ను, రంగుల బ్రష్షులు కడిగిన నీళ్ళను ఎవరెత్తుతారు? పైపులో పడ్డ మురుగుకు శుద్ధి కేంద్రమైనా దక్కొచ్చు. వాననీటి జాలీలో పోసింది మాత్రం దాదాపుగా పోసినట్టే చెరువుకు చేరుతుంది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు తెచ్చి పోసిందే హుస్సేన్ సాగర్ కంపు. ఉస్మాన్ సాగర్ రాకముందు ఊరు తాగిన నీళ్ళలో ఆ సాగరు నీళ్ళూ ఉన్నాయి.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరులో పాతబస్తీ వైపు చెరువు కట్టలు తెగాయి. వాన ఎక్కువే పడింది, నిజమే. ఆక్రమణలూ ఉన్నాయి. కానీ మిగిలిన ఆ కాస్త నాలాలో కూడా సగం మన ఇళ్ళ చెత్తే.

చెత్తను ఇంట్లోనే విడదీయాలన్న నిబంధన 2000లోనే వచ్చింది. 2016లో దాన్ని తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా చేశారు. ట్యూబ్‌లైట్లు, బ్యాటరీలు, గడువు తీరిన మందులను మూడోదాంట్లో చేర్చారు. మా అపార్టుమెంటులో నేను పట్టుబట్టి చేయించినవి ఇంతే: మేడ మీది వాన పైపును మురుగు లైను నుంచి విడగొట్టి ఇంకుడు గుంతకు తిప్పించాం. వాడిన నూనె సీసాల్లో పట్టి వేరుగా ఇస్తున్నాం. మూత లేపే గడ్డపారను వాచ్‌మన్ గది నుంచి తీసేయించాం. మొదట్లో విసుక్కున్నారు. మేం గుట్ట మీదున్నాం, మాకు నీళ్ళు రావుగా అన్నారు. రావు, నిజమే. గుట్ట మీద పోసింది పల్లంలో వాళ్ళింటికి పోతుంది. 1908లో కొట్టుకుపోయిందీ పల్లంలో వాళ్ళే.