సీసపు బ్యాటరీ, చార్జింగ్ నియంత్రణ: ముప్కాల్ ప్రాంత నేపథ్యంలో చారిత్రక పరిశీలన

చార్జ్ కంట్రోలరు సౌరవిద్యుత్తుతో పుట్టిన పరికరమన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది. చరిత్ర దీనిని సమర్థించదు. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే తిరిగి చార్జి చేయదగిన సీసపు బ్యాటరీని రూపొందించాడు. 1881లో కామీ ఫోర్ ప్లేట్లకు సీసపు సమ్మేళనాల ముద్దను పూసే పద్ధతిని ప్రవేశపెట్టడంతో దాని ఉత్పత్తి పరిశ్రమ స్థాయికి చేరింది. చార్జింగును ఎక్కడ ఆపాలన్న సమస్యా అప్పటిదే.

రైలుపెట్టెల దీపాలకు వాడిన స్టోన్ పద్ధతి ఇందుకు మంచి నిదర్శనం. ఇరుసుతో తిరిగే డైనమో బ్యాటరీని చార్జి చేసేది. బండి వేగం మితిమీరితే బెల్టు జారేది. అందువల్ల విద్యుత్తు హద్దు దాటేది కాదు. వేగం తగ్గితే స్విచ్ దానంతటదే విడిపోయేది. బ్యాటరీలోని విద్యుత్తు డైనమోలోకి వెనుదిరిగేది కాదు. పాత ట్రాక్టర్లలోని కటౌట్, రెగ్యులేటర్ పెట్టె చేసిన పని కూడా ఇదే. రాత్రివేళ సోలార్ ప్యానెల్‌లోకి విద్యుత్తు వెనుదిరగకుండా నేటి కంట్రోలరు అడ్డుకోవడం ఆ పాత పనికి కొనసాగింపే.

నిజామాబాద్ జిల్లాలో బాల్కొండకు చేరువలోని ముప్కాల్‌కు ఈ చరిత్రతో రెండు విధాలుగా సంబంధముంది. శ్రీరాంసాగర్ పునరుజ్జీవన పథకంలోని మూడు పంప్‌హౌస్‌లలో ఒకటి ఇక్కడిది. పంప్‌హౌస్‌లలో, సబ్‌స్టేషన్లలో కరెంటు పోయిన క్షణంలోనూ బ్రేకర్లు పనిచేయాలి. అందుకు కావలసిన డీసీ సరఫరా సాధారణంగా బ్యాటరీలదే. రెండవ సంబంధం ఇళ్లలోని ఇన్వర్టర్లది. ఉమ్మడి రాష్ట్రపు చివరి సంవత్సరాల దీర్ఘ కోతలలో బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యేది, నిండా చార్జి అయ్యేది కాదు. ఆ స్థితిలో ప్లేట్ల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి సామర్థ్యం పోతుంది. 2014 తర్వాత కోతలు క్రమంగా తగ్గాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికీ 24 గంటల సరఫరా మొదలైంది. దీంతో సమస్య తలకిందులైంది. ఎప్పుడూ చార్జింగులోనే ఉండే బ్యాటరీకి వోల్టేజిని తగ్గించి నిలిపే ఏర్పాటు లేకపోతే నీరు ఆవిరై, ప్లేట్లు తేలి చెడిపోతాయి. ఒకే బ్యాటరీని మొదట కొరత, తర్వాత సమృద్ధి దెబ్బతీశాయి. నింద మాత్రం రెండుసార్లూ బ్యాటరీ నాణ్యత మీదనే పడింది.

ఇక్కడి వేసవి మరొక చిక్కు తెచ్చిపెడుతుంది. 12 వోల్టుల బ్యాటరీకి 25 డిగ్రీల వద్ద తగిన చార్జింగు హద్దు సుమారు 14.4 వోల్టులు, నిండిన తర్వాత నిలపవలసినది సుమారు 13.6. ఉష్ణోగ్రత డిగ్రీ పెరిగినకొద్దీ ఒక్కో సెల్‌కు దాదాపు 4 మిల్లీవోల్టుల చొప్పున ఈ హద్దు దిగాలి. ఆరు సెల్‌లకు లెక్కిస్తే 40 డిగ్రీల వద్ద అది 14 వోల్టుల చేరువకు వస్తుంది. ఉష్ణోగ్రతను గమనించని చౌక కంట్రోలరు ఏప్రిల్, మే నెలల్లో బ్యాటరీని ఉడికించినట్లే. అధిక చార్జింగులో వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే నిప్పురవ్వకే పేలగలదు. తలుపులు మూసిన చిన్న గదుల్లో, మెట్ల కింద బ్యాటరీలు పెట్టే అలవాటు ప్రమాదకరమయ్యేది ఇందువల్లనే.

సోలార్ అమరికలో కంట్రోలరుకు ముందు బ్యాటరీని, తర్వాతనే ప్యానెల్‌ను కలుపుతారు. విప్పేటప్పుడు ముందు ప్యానెల్‌ను తీస్తారు. బ్యాటరీ 12 వోల్టులదో 24 వోల్టులదో అనేక కంట్రోలర్లు గుర్తించేది ఆ మొదటి కలయికలోనే.