పెదవికి లత్తుక, పాదానికి పారాణి

అలంకారం ఆడవారి సొత్తనీ, దాని జోలికి పోయిన మగవాడు పరువు పోగొట్టుకున్నట్లేననీ గట్టిగా నమ్మేవారు మనలో తక్కువేమీ కాదు. మన పాత గ్రంథాలు ఈ నమ్మకాన్ని బలపరచవు.

వాత్స్యాయనుడు కామసూత్రంలో నాగరకుని దినచర్యకు ఒక అధ్యాయమే కేటాయించాడు. నాగరకుడు ఉదయాన దంతధావనం చేసి, మితంగా మైపూత అలదుకొని, ధూపం పట్టించుకొని, పూలమాల ధరించి, పెదవులకు మైనమూ లత్తుకా అద్ది, అద్దంలో ముఖం చూసుకొని, తాంబూలం వేసుకొని, ఆ తరువాతనే పనులకు పూనుకోవాలట. స్నానం నిత్యం, నలుగు రోజు విడిచి రోజు, క్షౌరం నాలుగు రోజులకొకసారి. ఇందులో వేళాకోళం లేశమైనా లేదు. 'మితంగా' అన్న ఆ ఒక్క మాటలోనే ఉంది మర్యాద అంతా!

విజయనగరానికి వద్దాం. 1443లో హెరాతు నుంచి రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్, ఇక్కడ బజారు పనివారితో సహా అందరూ చెవులకూ మెడకూ చేతులకూ నగలు పెట్టుకుంటారని వ్రాసుకున్నాడు. 1520 ప్రాంతాన కృష్ణరాయలను చూసిన పేయస్, రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒళ్ళంతా అదే నూనె పట్టించి, చెమటలు పట్టేదాకా కత్తిసాము చేసి, కుస్తీ పట్టి, గుర్రమెక్కేవాడన్నాడు. ఆ నూనె అందానికా, బలానికా? ఆ కాలంవారికి ఈ ప్రశ్నే తట్టి ఉండదు.

మరి ఈ చిన్నచూపు ఎక్కడిది? తెల్లదొరల దేశంలోనూ పెద్దమనుషులు జుట్టుకు పొడి చల్లుకొనేవారు. 1795లో దానిమీద పన్ను కూడా వేశారు. తరువాత వారు నల్లకోటుకు మారి, అదే మగతనమన్నారు. వారెన్ హేస్టింగ్స్ మీద 1841లో వ్రాసిన వ్యాసంలో మెకాలే బెంగాలీలను ఆడంగులన్నాడు. ఆ కొలబద్దనే మన చదువుకున్నవారు తలకెత్తుకున్నారని నా అభిప్రాయం. పెళ్ళిపీటల మీద మాత్రం వారి ఆటలు సాగలేదు. ఎంతటి మీసాల రాయుడైనా బుగ్గన చుక్క, కాళ్ళకు పారాణి పెట్టించుకోవలసిందే!

2005లో మగవారికంటూ ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ అనే క్రీము వచ్చింది. 2025లో 'ఫెయిర్' తీసి 'స్మార్ట్' చేశారు. పాత అలంకారం మళ్ళీ వచ్చిందని కొందరు మురిశారు. నాకు ఆ సంతోషం కలగలేదు. నాగరకుడు తన ఒంటికి పరిమళాన్ని చేర్చుకున్నాడు. ఈ క్రీము ఉన్న రంగునే తప్పు పట్టింది. పద్యం అప్పజెప్పడంలో అందరికన్నా ముందుండే ఒక చామనచాయ పిల్లవాడు, తరగతి ఫోటో తీసేనాడు పిలిచినా వినకుండా చివరి వరుసలో ఇతరుల భుజాల వెనుక నక్కడం నేను చూశాను. ఆ వారమే వాళ్ళకు నల్లనయ్య పద్యాలు చెప్పి ఉన్నాను.