అడ్డులేని తీగకు నిరోధమెట్లు?

ఎలక్ట్రానులు ఒక్క వరుసగా మాత్రమే పోగల సన్నని తీగ నొకదానిని ఊహింపుడు. అందు మలినము లేదు, లోపము లేదు, ఎలక్ట్రానునకు అడ్డు తగులునది యేదియు లేదు. అట్టి తీగకు నిరోధము సున్న యని యెవరైనను చెప్పుదురు. కాని లెక్కకు వచ్చునది ఇంచుమించు 12,906 ఓములు! తీగ పొడుగైనను పొట్టియైనను ఆ అంకె మారదు. ప్లాంకు స్థిరాంకమును ఎలక్ట్రాను ఆవేశవర్గమునకు రెట్టింపుచే భాగించిన వచ్చునది అదియే. ఈ వింత యెక్కడ పుట్టినదో తెలిసికొనువరకు నా మనసు కుదుటపడలేదు.

తీగల నిరోధమును 1827లో ఓము, 1900లో డ్రూడే వివరించిరి. వీరి తరువాతి అర్ధశతాబ్దమును దాటివేసి 1957కు వత్తము. స్టుట్‌గార్టున పుట్టి, బాల్యముననే అమెరికా చేరిన రాల్ఫ్ లండవర్, ఐ.బి.యం. కంపెనీ ఆ యేటనే మొదలిడిన స్వంత పత్రికలో, నిరోధమునకు విలోమమైన వాహకత యనగా ఎలక్ట్రాను ఆవలి దరి చేరు సంభావ్యతయేనన్న భావమునకు బీజము నాటెను. కంపెనీ పత్రికలోని వ్యాసము నెందరు చదువుదురు? 1970లో ఆయన మరల చెప్పవలసివచ్చెను.

అసలు రసవత్తర ఘట్టము 1981లో మొదలైనది. ఆవలికి పోవు సంభావ్యతను వెనుకకు మరలు సంభావ్యతచే భాగింపవలెనని లండవర్ సూత్రము. అక్కరలేదని భౌతికశాస్త్రజ్ఞులు ఎకనోము, సూకులీసులును, ఫిషర్, లీలును వాదించిరి. అడ్డే లేనిచో మరలునది సున్న గనుక, మొదటి లెక్కకు నిరోధము శూన్యము, రెండవదానికి మన 12,906. ఉభయులును సరియే! తేడా యంతయు వోల్టేజిని తీగలోపల కొలిచితిరా, దాని కొసల నున్న విశాల లోహములలో కొలిచితిరా యన్నదే. ఉత్సవదినమున ప్రాకారములోని జనమంతయు నొక్క గుమ్మమున దూరవలసినపుడు, లోపల ఖాళీయేయైనను బయట ఒత్తిడి తప్పదు గదా; ఆ నిరోధము తీగది కాదు, గుమ్మముది. మాస్కోలో షార్విన్ ఇట్టి ద్వారనిరోధమునే 1965లో లోహముల సూదిమొన స్పర్శలయందు గుర్తించియుండెను. నేటి పాఠ్యగ్రంథములు సూత్రమును మిగిల్చి వాదమును పారవేసినవి. విద్యార్థికి దక్కకపోయినది, నా దృష్టిలో, ఆ వాదమే.

1988లో డెల్ఫ్టున వాన్ వీస్ బృందమును, కేంబ్రిడ్జిన వారమ్ బృందమును వేరువేరుగా, గాలియం ఆర్సెనైడు పొరలలోని ఎలక్ట్రానుల దారిని పైనున్న లోహపు గేటు ఎలక్ట్రోడుల కిచ్చిన వోల్టేజితో ఇరుకుచేయుచు పోగా, వాహకత జారుడుబండవలె దిగక మెట్లుమెట్లుగా దిగెను. మెట్టు మెట్టుకు భేద మొక్కటే, ఆ 12,906 ఓములకు విలోమము. ఆనాటికి లండవర్‌కు అరువదియొక్క యేండ్లు, తొలివ్యాసమునకు ముప్పదియొకటి.