కొండచాటు, తరంగచాటు: కొరాపుట్, హైదరాబాద్ కేంద్రాలుగా గగనతల జామింగ్ పరిజ్ఞాన చరిత్ర

ఉపోద్ఘాతం

సోవియట్ యూనియన్ లైసెన్సుతో మిగ్-21 యుద్ధవిమానాన్ని దేశంలోనే తయారు చేయాలని 1960వ దశకం ఆరంభంలో భారత ప్రభుత్వం నిర్ణయించింది. ఆ పనిని మూడు చోట్లకు పంచారు. విమానదేహం నాసిక్‌కు, ఇంజను తూర్పు కనుమల్లోని కొరాపుట్ జిల్లా సునాబెడకు, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌కు దక్కాయి. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు చెందిన సునాబెడ ఇంజన్ల కర్మాగారం 1964లో, హైదరాబాద్ విభాగం 1965లో ఏర్పడ్డాయి. అరకులోయ మీదుగా సాగే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గమే కొరాపుట్‌ను విశాఖ తీరంతో కలుపుతుంది. అందువల్ల ఈ మూడు కేంద్రాలలో ఒకటి తెలుగు నేలపైన, మరొకటి దాని అంచున ఉన్నాయని చెప్పవచ్చు.

ఈ పంపకాన్ని పారిశ్రామిక ప్రణాళికలో భాగంగా మాత్రమే చూడడం పరిపాటి. కానీ ఇంజనుకూ ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరానికీ మధ్య మౌలికమైన తేడా ఒకటుంది. నకశాలు, లోహాలు, యంత్రాలు, శిక్షణ లభిస్తే లైసెన్సుతో ఇంజనును తయారు చేయవచ్చు. జామర్ విషయం అలా కాదు. పెట్టెను కొనవచ్చు గాని, ఏ శత్రు రాడార్ ఏ తరంగాన్ని ఏ లయలో పంపుతుందో తెలిపే సమాచారం అంగడి సరుకు కాదు. అది లేని జామర్ ఉత్త బరువు.

రాడార్ – జామర్ – దూరం

రాడార్ తరంగం దాదాపు సరళరేఖలో పయనిస్తుంది. కాబట్టి అరకు ప్రాంతపు గాలికొండ వంటి శిఖరానికి ఆవల, లోయను అంటిపెట్టుకొని ఎగిరే విమానం ఈవలి రాడార్‌కు కనిపించదు. ప్రకృతి ఇచ్చే ఈ చాటు మైదానం మీదా సముద్రం మీదా దొరకదు. అక్కడ విమానం తన చాటును తానే కల్పించుకోవాలి. జామర్ చేసే పని అదే.

ఇందులోని గణితం ఆసక్తికరం. రాడార్ తరంగం విమానం దాకా వెళ్లి, తగిలి, తిరిగి రావాలి. అందుచేత ప్రతిధ్వని బలం దూరపు నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. జామర్ సంకేతం ఒకవైపే ప్రయాణిస్తుంది కనుక దూరపు వర్గానికి విలోమంగా మాత్రమే తగ్గుతుంది. కొద్ది శక్తి గల జామర్ కూడా దూరాన ఉన్న పెద్ద రాడార్‌ను కమ్మివేయగలగడానికి కారణమిదే. విమానం దగ్గరయ్యేకొద్దీ ప్రతిధ్వని బలం వేగంగా పెరుగుతుంది. ఒకానొక దూరం వద్ద అది జామర్ రొదను చీల్చుకొని బయటపడుతుంది. ఆ దూరాన్ని తగ్గించేందుకే రొదకు బదులు మోసపు ప్రతిధ్వనులను సృష్టించే పద్ధతి పుట్టింది. వచ్చిన తరంగాన్ని డిజిటల్ జ్ఞాపికలో నిలిపి, స్వల్ప మార్పుతో తిరిగి పంపితే, విమానం లేనిచోట ఉన్నట్టు రాడార్ భ్రమిస్తుంది.

దాచిన జ్ఞానం

1943 జులై 24–25 రాత్రి హాంబర్గ్‌పై దాడికి బయలుదేరిన 791 బ్రిటిష్ బాంబర్లు ‘విండో’ అనే సంకేతనామం గల రేకు పట్టీలను గాలిలో వెదజల్లాయి. జర్మన్ రాడార్ తెరలు అబద్ధపు ప్రతిధ్వనులతో నిండిపోయాయి. ఆ రాత్రి కూలిన విమానాలు 12 మాత్రమే. అదే ఉపాయం జర్మన్లకూ తెలుసు. ఎదుటివారు నేర్చుకుంటారన్న భయంతో ఉభయపక్షాలూ దాన్ని దాచుకున్నాయన్నది ఈ ఉదంతంలోని విచిత్రం.

1973 అక్టోబరు యుద్ధం మరో పాఠం చెప్పింది. వియత్నాం అనుభవంతో రూపొందిన అమెరికన్ జామర్లు ఇజ్రాయెల్ చేతిలో ఉన్నాయి. అవి పాత క్షిపణుల రాడార్లను ఎదుర్కోగలిగాయి గాని, కొత్తగా రంగంలోకి వచ్చిన సోవియట్ ఎస్‌ఏ-6 క్షిపణి ముందు నిలవలేదు. ఆ యుద్ధంలో ఇజ్రాయెల్ సుమారు 100 విమానాలను కోల్పోయింది. ఆ నష్టమంతా ఒక్క క్షిపణి వల్లనే కలిగిందనడం అతిశయోక్తి. అయినా తెలియని తరంగానికి తెలిసిన జామర్ విరుగుడు కాలేదన్నది స్పష్టం.

తెలుగు తీరంలోనూ తరంగాలతో వంచించిన ఘట్టం ఒకటుంది. అది జామింగ్ కాదు, దానికి తోబుట్టువు. 1971 డిసెంబరులో పాకిస్థానీ జలాంతర్గామి ఘాజీ విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుకుతూ విశాఖ జలాల్లోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్‌కు తరలిపోయింది. దాని స్థానంలో రాజ్‌పుత్ నౌక పెద్దయెత్తున వైర్‌లెస్ సందేశాలు పంపుతూ విక్రాంత్‌లా నటించిందని తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ రాశారు. ఘాజీ ఎలా మునిగిందన్న దానిపై ఇరుదేశాల కథనాలు నేటికీ కలవవు.

హైదరాబాద్ పాత్ర

చాంద్రాయణగుట్టలోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనాలయం (డీఎల్‌ఆర్‌ఎల్) 1962లో ఏర్పడింది. ఎలక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థలలో దేశానికి అది ప్రధాన పరిశోధన కేంద్రమైంది. సైన్యానికి ‘సంయుక్త’, నౌకాదళానికి ‘సంగ్రహ’ పథకాలు అక్కడి నుండి వచ్చాయి. ‘సంగ్రహ’ తరహా వ్యవస్థలు ఓడలకే పరిమితం కాక హెలికాప్టర్ల మీదికీ చేరాయి. తరువాతి ‘సముద్రిక’ పథకంలో గగనతల వాహనాల కోసం సర్వధారి, సారంగ్, నికాష్ అనే వ్యవస్థలను రూపొందించారు. ఉత్పత్తి బాధ్యత 1986లో ఏర్పడిన భారత్ ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్ విభాగానిది.

యుద్ధవిమానాల జామర్ల పరిశోధన మాత్రం ప్రధానంగా బెంగళూరుకు చెందుతుంది. 1986లో అక్కడ మొదలైన సంస్థే 2001 నుండి ‘డేర్’ పేరుతో పనిచేస్తోంది. రాడార్ హెచ్చరిక గ్రాహకం ‘తరంగ్’ దాని కృషి. జామింగ్‌కు ముందు వినికిడి కావాలి. వినడంలో దేశం ముందుగా స్వయంసమృద్ధిని సాధించి, ఎదురు పలకడంలో వెనుకబడింది. మిగ్-21 బైసన్‌కూ సుఖోయ్-30 ఎంకేఐకీ ఇజ్రాయెలీ జామర్ పాడ్‌లు అమర్చవలసి రావడం దీనికి నిదర్శనం.

సునాబెడ మూల్యం

పరిశోధనాలయాల పత్రాలు సహజంగానే గోప్యం. అందుచేత ఈ చరిత్ర సంస్థల ప్రకటనల మీదుగానే సాగుతుంది. ఆ ప్రకటనల్లో చోటు దక్కనివారిని కొండల్లో వెతకాలి. గదబ, పరజ, డోమ్ కుటుంబాలు నివసించిన చికాపార్ గ్రామాన్ని 1968లో మిగ్ కర్మాగారం కోసం ఖాళీ చేయించారు. గ్రామస్థులు వేరేచోట స్థిరపడి ఆ ఊరికీ చికాపార్ అనే పేరు పెట్టుకున్నారు. 1980వ దశకంలో ఎగువ కొలాబ్ జలాశయం, నౌకాదళ ఆయుధాగారం వంటి నిర్మాణాల కోసం అక్కడి నుండీ కదలవలసి వచ్చింది. ఈ వృత్తాంతాన్ని పాత్రికేయుడు పి. సాయినాథ్ నమోదు చేశారు. రాడార్‌కు కనబడకుండా విమానాన్ని దాచే విద్యపై ఎంతో రాసిన సాహిత్యంలో, ఆ విమానపు ఇంజను కోసం కనుమరుగైన ఊరి ప్రస్తావన అరుదు.

2024 సెప్టెంబరులో రక్షణశాఖ సుఖోయ్-30 ఎంకేఐ కోసం 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లకు ఒప్పందం చేసుకుంది. విలువ రూ. 26,000 కోట్లకు పైనే. అవి సునాబెడలోనే తయారవుతాయి. అంతకు ముందు ఏడాది, 2023 మార్చిలో, అదే విమానం కోసం భారత్ ఎలక్ట్రానిక్స్‌కు 129 డీఆర్-118 రాడార్ హెచ్చరిక గ్రాహకాల పని అప్పగించింది. దాని విలువ సుమారు రూ. 950 కోట్లు. ఇంజను రష్యన్ నమూనా, గ్రాహకం స్వదేశీ. ఆ గ్రాహకం విన్న తరంగాలను గుర్తించే పట్టికను మాత్రం ఏ ఒప్పందమూ సమకూర్చదు. సరిహద్దుల వెంట ఎగిరే విమానాలు ఏళ్ల తరబడి విని, పోగుచేసి తేవలసిందే.